కొట్టం గోడలో ఒక ఇటుక

మా పశువుల కొట్టం పడగొట్టి ఆ జాగాలో పికిల్‌బాల్ కోర్టు కట్టాలని అపార్ట్‌మెంట్ కమిటీ అనుకుంటోందని తెలిసిన రోజు నేను అన్నం ముట్టలేదు. అదేం ఆటో నాకు తెలియదు. తెలిసినా ఒప్పుకునేవాణ్ణి కాదు.

తెల్లాపూర్‌లో ఐదు టవర్లు లేచిన ఈ స్థలం ఒకప్పుడు మా పొలం. బిల్డరుకు ఇచ్చినప్పుడు మా వంతుకు ఫ్లాట్లు వచ్చాయి. నేను రెండో టవర్లో ఏడో అంతస్తులో ఉంటాను. మా తమ్ముడి కొడుకు వేణు, వాడి పెళ్లాం నా పై అంతస్తులో. మాకు పిల్లలు లేరు కాబట్టి నా మంచీచెడ్డా వాడే చూస్తాడు, నా నోటి దురుసు కూడా వాడే పడతాడు. సంతకాల రోజున నేను బిల్డరును ఒక్కటే అడిగాను, కొట్టం జోలికి పోవద్దని. 'మీరు నిశ్చింతగా ఉండండి' అన్నాడు. కాగితం మీద రాయించుకోలేదు. మాటంటే మాటే అనుకున్నాను. అతను ఫ్లాట్లన్నీ అమ్ముకుని వెళ్లిపోయాడు, జాగా అసోసియేషన్ చేతికి వచ్చింది, మాట మాత్రం ఎవరి చేతికీ రాలేదు.

ఆ కొట్టం మా తాత నిజాం కాలంలో కట్టించింది. చెరువు ఎండిన ఏడు పూడిక మట్టి తెచ్చి, పొలంలోనే ఇటుక కోసి, పొలంలోనే బట్టీ పెట్టి కాల్చారు. గానుగలో ఎద్దులతో సున్నం తొక్కించి అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపారు. గోడ మందం మూర. ఇటుకలు పలచగా, ఒకటిన్నర అంగుళం మందాన ఉంటాయి. కాడి విప్పకుండానే జోడెడ్లు లోపలికి వచ్చేంత వెడల్పున ఇటుకలతోనే కమాను తిప్పారు. దూడలు ఒళ్లు రుద్దుకుంటే గీసుకుపోకుండా లోపలి మూలలన్నీ గుండ్రంగా తీశారు. తలకు పైన గాలి కోసం మూడు వరసల్లో కంతలు వదిలారు. మే నెల ఎండలో నా ఫ్లాటులో ఏసీ కింద కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయి, అదే కొట్టంలో బండల మీద కూర్చుంటే కునుకు పడుతుంది. పద్దెనిమిది లక్షలు పెట్టి ఇంటి లోపలి హంగులు చేయించుకున్న వాళ్లు కూడా ఆ కునుకు కోసం నా దగ్గరికి రావాల్సిందే. కానీ రారు, పేడవాసన ఉంటుందని వాళ్ల అనుమానం. పేడ చూసి అక్కడ పన్నెండేళ్లయింది.

మా అసోసియేషన్ ప్రెసిడెంటు సోమేశ్వరరావు గారు భీమవరం వైపు మనిషి, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. మంచివారే. కోపం రాకుండా మాట్లాడటం ఆయనకు వచ్చు, నాకు రాదు.

"చూడండి వెంకటనారాయణ గారూ, సెంటిమెంట్ వేరు, స్పేస్ వేరండీ. అయినా మీ మాట కాదనను. బిల్డింగ్ గట్టిగా ఉంది, కట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది అని ఒక ఆర్కిటెక్టు చేత రిపోర్టు ఇప్పించండి. ఉంచేసి రీడింగ్ రూమ్ చేద్దాం. లేదంటే ఆదివారం మీటింగులో తీసేద్దామని పాస్ చేస్తామండీ."

"ఒక్క ఇటుక కదిపినా ఊకోను! మా తాత పెట్టిన ఇటుక పెట్టినట్టే ఉన్నది. ఎవలనన్న తీస్కరండ్రి, సూస్కోండ్రి!" అని అరిచాను. వేణు నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

ఆర్కిటెక్టును వాడే వెతికి తెచ్చాడు. ఎక్కడో కాదు, మా మూడో టవర్లోనే ఉంటుంది. పేరు సుష్మ, వాళ్లది అనంతపురం జిల్లా. మాదాపూర్‌లో ఏదో ఆఫీసులో గాజు మేడలకు బొమ్మలు గీస్తుందట. "పాత గోడ కనపడితే నేను అక్కడే నిలబడిపోతా పెద్దాయనా" అంది మొదటి రోజే. అట్లా అన్న మనిషిని బుచ్చమ్మ పోయిన తర్వాత చూడలేదు.

బుచ్చమ్మ నా భార్య. పోయి పన్నెండేళ్లు. ఈ ఫ్లాటు ఆమె చూడలేదు. చూసి ఉంటే బర్రెల్ని లిఫ్టులో ఎట్లా ఎక్కిస్తావని అడిగేది. రోజూ నాలుగు గంటలకు నేను కొట్టంలోకి పోయి కూర్చుంటాను. తాత కోసం పోతున్నాననే అందరికీ చెబుతాను. నిజానికి బుచ్చమ్మ నలభై ఏళ్లు పొద్దునా సాయంత్రం కూర్చున్న జాగా అది. మా ఇల్లు పోయింది, బావి పూడిపోయింది, పొయ్యి పోయింది. ఆమె తిరిగిన చోట్లలో నేల మీద మిగిలింది ఇదొక్కటే. ఇది కూడా పోతే ఇంకెక్కడ కూర్చోవాలో నాకు తెలియదు.

సుష్మ మూడు రోజులు కొలిచింది. టేపు ఒక కొస నాకిచ్చేది. కొలతల మధ్య ఊరికే ఉండలేక ఏవేవో అడిగేది. రెండో రోజు బుచ్చమ్మ గురించి అడిగింది. నేను చెవుల దవాఖాన కథ చెప్పాను. అది నేను చాలామందికి చెప్పిన కథే. అందరూ నవ్వుతారు.

పెళ్లయిన కొత్తలో నేను లింగంపల్లిలో వడ్ల గిర్నిలో పనికి పోయేవాణ్ణి. పొద్దుగూకే వేళకు సైకిలుకు తవుడు సంచి కట్టుకుని చెరువు కట్ట మీదుగా వచ్చేవాణ్ణి. కట్ట దిగితే అంతా ఇసుక. సైకిలు దిగి నెట్టుకుంటూ వచ్చి కొట్టం ముందు స్టాండు వేసేసరికి బుచ్చమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉండేది. ఆ వేళకు ఆమె లోపల పాలు పిండుతూ ఉండాలి. ఒక రోజు తొందరగా వచ్చినా, ఒక రోజు ఆలస్యమైనా చెంబు మాత్రం తప్పేది కాదు. "నేనొచ్చుడు నీకెట్ల ఎరుకైతది?" అని అడిగితే "నీ సైకిల్ చప్పుడు ఇనబడ్తది" అనేది. గిర్నిలో అందరి ముందూ గొప్పలు చెప్పుకునేవాణ్ణి, నా పెళ్లాం అరకోసు దూరం నుంచి నా సైకిల్ చప్పుడు పడుతుందని.

ఎనిమిదేళ్ల తర్వాత ఒక రోజు చెంబు రాలేదు. మర్నాడూ రాలేదు. నేను స్టాండు వేసి, బెల్లు కొట్టి, గొంతు చించుకుంటే అప్పుడు పాల చేతులతో పరుగెత్తుకొచ్చేది. "ఇనబడలే" అనేది, అంతే. నెల రోజులు చూశాను. చెవుడు వచ్చిందని ఖాయం చేసుకున్నాను. పట్నంలో చెవుల దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు ఇటొకసారి అటొకసారి గంట మోగించి చూసి, "ఈమెవి పాము చెవులయ్యా, నీవే చూపించుకో" అన్నాడు. అక్కడ మొదలుపెట్టింది నవ్వడం. బస్సులో నవ్వింది. లింగంపల్లిలో దిగి సైకిలు వెనక కూర్చుని నవ్వింది. కట్ట దిగేదాకా కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉంది. నాకేమో ఒక రోజు కూలి పోయిందని ఒళ్లు మంట. "ఏందే ఆ నవ్వు?" అంటే "ఏం లేదు" అంది.

సుష్మ కూడా బాగా నవ్వింది.

మూడో రోజు ఆమె పడమటి గోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు కదల్లేదు. నేల నుంచి రెండడుగుల ఎత్తున ఒక చోట గోరుతో గీరింది. "పెద్దాయనా, ఈ ఇటుక మీ తాత పెట్టింది కాదు. మిగతా వాటికంటే లావుగా ఉంది. చుట్టూ సిమెంటు వేసినారు. గాలి కంతలన్నీ పైన ఉండాయి కదా, ఇక్కడ ఎందుకు కంత పడింది?"

"అవు, గది నేనే మూసిన" అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను. ఒక చలికాలం దూడకు గాలి కొట్టి జబ్బు చేసింది. గాలి ఎక్కడిదని వెతికితే గోడలో ఇటుక ఊడబెరికి ఉంది, ఈ వైపు నుంచి ఆ వైపుకు కంత. కనిపించకుండా గడ్డి మోపు అడ్డం పెట్టి ఉంది. దొంగలు కన్నం వేయబోయారనుకున్నాను. వాకిట్లో నిలబడి వాడ వాడంతా వినేటట్టు తిట్టాను. "మా తాత గోడల ఇటుక దీసిన చేతులు ఇరిగిపోను!" అన్నాను. ఆ పూటే సిమెంటు తెచ్చి మూసేశాను.

"దీన్ని తీసేసి, ఆ కాలపు ఇటుకతోనే సున్నంతో మూద్దాం. అప్పుడు కట్టినట్లే ఉందని రాయొచ్చు" అంది సుష్మ. నాకు సంతోషమైంది. పాత ఇటుకలు నా దగ్గర నాలుగు దాచి ఉన్నాయి. ఉలి, సుత్తి తెచ్చి నేనే కూర్చున్నాను. నేను మూసింది నేనే తీయాలి కదా. గంట పట్టింది. చివరి ముక్క అవతలికి పడిపోయి, కంతలోంచి సాయంత్రపు ఎండ వచ్చి బండల మీద పడింది.

సుష్మ లోపలికి చెయ్యి పెట్టి తడిమింది. మొహం మారింది. "ఇది దొంగలు తీసింది కాదు పెద్దాయనా. చెయ్యి పెట్టి చూడండి."

పెట్టాను. కంత లోపల అంచులన్నీ నున్నగా ఉన్నాయి. ఎవరో సున్నం పూసి, తడిగుడ్డతో అదిమి, కుండ మూతి లాగా చేశారు. దొంగ ఎక్కడైనా కన్నానికి సున్నం పూస్తాడా?

"నేరుగా కూడా లేదు చూడండి. ఎడమకు వాలినట్లు తొలిచినారు. ఎవరో ఒకవైపే చూసేదానికి చేసుకున్నట్లుంది. ఇక్కడ ఎవరు కూర్చునేవాళ్లు?"

"ఎవలుంటరు బిడ్డా, బర్రెలు కట్టేసేటి జాగ. పాలు పిండేటామె కూసునేది."

సుష్మ పాలు పిండే మనిషి లాగా గొంతుకూర్చుంది. కంత సరిగ్గా ఆమె కళ్లకు ఎదురుగా వచ్చింది. "మన మెయిన్ గేటు కనపడతాంది పెద్దాయనా. దాని పక్కన క్లబ్‌హౌసు తలుపు. ఇంకేం కనపడలా. ముందు అక్కడ ఏముండేది?"

"చెరువు కట్ట దిగే తొవ్వ" అన్నాను.

అంటూనే కంత వైపు తిరిగాను. సుష్మ నా వైపు చూసి మెల్లగా లేచి పక్కకు జరిగింది. నేను మోకాళ్లు పట్టుకుని ఆమె లేచిన చోట గొంతుకూర్చున్నాను. డెబ్బై రెండేళ్ల వయసులో, నా సొంత కొట్టంలో, ఆ చోట కూర్చోవడం అదే మొదటిసారి. ఎప్పుడూ ఎదురుగా అరుగు మీదే కూర్చునేవాణ్ణి. కంతలో గేటు కాదు, ఆ పాత దారే కనిపించింది. కట్ట దిగి ఇసుకలో సైకిలు నెట్టుకుంటూ వచ్చే మనిషి ఆ కంతలో పట్టేంతే ఉంటాడు. వాడు వచ్చేలోపు ఆఖరి ధార పిండి, గిన్నె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, నీళ్ల గోలెంలో చెంబు ముంచుకుని వాకిట్లోకి రావచ్చు.

సైకిల్ చప్పుడు ఆమెకు ఎప్పుడూ వినబడలేదు. నన్ను చూసింది. నా కోసం మా తాత గోడ తొలిచి, రోజూ నా దారి చూసింది. అత్త ఉన్న ఇంట్లో, పెళ్లాం మొగుడి కోసం ఎదురుచూస్తోందంటే నవ్వుతారని గడ్డి మోపు అడ్డం పెట్టింది. నేను దాన్ని సిమెంటుతో మూసి, నీళ్లు ఇవ్వడం లేదని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

అప్పుడు గుర్తొచ్చింది. నేను వాకిట్లో చేతులు విరిగిపోవాలని తిట్టిన రోజు బుచ్చమ్మ గోలెం దగ్గర చేతులు కడుక్కుంటోంది. ఒకసారి ఆపింది. తన చేతుల వంక చూసుకుంది. మళ్లీ కడుక్కుంది. నేను అది చూశాను. చూసి కూడా ఏమీ అడగలేదు. ఆ తర్వాత ఆమె ముప్పై ఏళ్లు ఆ చేతులతోనే నాకు అన్నం పెట్టింది, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఇటుక ఒక్కటి కదిలితే నేను అంత గొడవ చేసేవాణ్ణని ఆమెకు తెలుసు. నా నోటికి భయపడి ఆమె చెప్పుకోలేకపోయిన మాట గోడలో అట్లా ఉండిపోయింది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. పరాయి పిల్ల చూస్తోందని కూడా సిగ్గుపడలేదు.

చాలాసేపటికి సుష్మ పాత ఇటుకను చేతిలోకి తీసుకుని అడిగింది. "మూసేద్దామా పెద్దాయనా?"

"మూయొద్దు."

"మూయకపోతే మీ తాత కట్టినట్లే ఉందని నేను రాయలేను. వాళ్లకు కావాల్సింది ఆ మాటే. గోడకు రంధ్రం పడిందంటారు, పాములొస్తాయంటారు. కొట్టం పోతాదేమో."

ఆమె చెప్పింది నిజమే. నా తాత గోడ కావాలంటే బుచ్చమ్మ కంత మూయాలి. ఆ కంత ఉంచితే కొట్టమే పోవచ్చు, అప్పుడు రెండూ ఉండవు. నేను ఆ ఇటుకను సుష్మ చేతిలోంచి తీసుకుని కింద పెట్టాను.

"ఒకసారి మూసిన బిడ్డా. మల్ల మూయ. ఉన్నదున్నట్టు రాయి."

ఆమె ఉన్నదున్నట్టే రాసింది. బొమ్మలో కంతను గీసి, దాని పక్కన ఈ మాటలు పెట్టింది: 'ఇంటి ఇల్లాలు బుచ్చమ్మ తెరిచినది. పాలు పిండుతూ దారి చూసేందుకు. ఇలాగే ఉంచాలి.' నాకు చదివి వినిపించింది. మా ఆస్తి కాగితాల్లో ఎక్కడా ఆమె పేరు లేదు, మొదటిసారి ఇక్కడ చూశాను.

ఆదివారం సాయంత్రం మీటింగు, గేటు పక్కన క్లబ్‌హౌసులో. వేణు పొద్దున్నే వచ్చాడు. "పెద్దనాయినా, నీకు దండం బెడ్త, నువ్వు రాకు. నువ్వు నోరు దెరిస్తే ఉన్న ఓట్లు గూడ పోతయి. నేను, సుష్మక్క మాట్లాడ్తం. నువ్వు ఫికర్ జెయ్యకు."

వేరే రోజైతే వాణ్ణి తిట్టి ముందుగా నేనే పోయి కూర్చునేవాణ్ణి. ఆ రోజు సరే అన్నాను. వాడు నమ్మలేక రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

నాలుగు గంటలకు కొట్టంలోకి పోయాను. ఫ్లాటులో నుంచి చెంబు తెచ్చుకున్నాను, బుచ్చమ్మదే, ఇత్తడిది. బక్కెట్లో నీళ్లు పెట్టుకున్నాను. గడ్డి మోపు లేదు కానీ ఆమె చోట గొంతుకూర్చుని కంతకు కళ్లు పెట్టాను. గేటు దగ్గర డెలివరీ పిల్లలు వచ్చారు, పోయారు. స్కూలు బ్యాగు వేసుకున్న పిల్లను ట్యూషనుకు తీసుకుపోతున్నారు. వాచ్‌మన్ గేటు అడ్డకర్ర పైకి ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. నాకు కావాల్సిన మనిషి రాలేదు. కాళ్లు తిమ్మిరెక్కాయి. లేవాలంటే భయం, లేచిన ఆ నిమిషంలోనే వేణు వస్తే? ఎనిమిదేళ్లు రోజూ ఆమె ఇట్లా కూర్చుంది, చేతులు ఒక పని చేస్తుంటే కళ్లు ఇక్కడ పెట్టి. నేను ఆలస్యంగా వచ్చిన రోజులన్నీ లెక్కకు వచ్చాయి. గిర్నిలో పేకాట ఆడి వచ్చిన రోజులు, దోస్తులతో కల్లు కోసం ఆగిన రోజులు. చెంబు అందుకున్నాక ఒక్కసారైనా ఆమె మొహం చూసి ఉంటే తెలిసేదేమో. చల్లటి నీళ్లు గటగటా తాగేసి చెంబు తిరిగి ఇచ్చేవాణ్ణి, అంతే.

ఎండ ఎర్రబడ్డాక క్లబ్‌హౌసు తలుపు తెరుచుకుంది. జనం బయటికి వస్తున్నారు. వేణు స్కూటరు తీశాడు. వాడు కంతలో పట్టేంత చిన్నగా ఉన్నప్పుడే నాకు తెలిసిపోయింది. భుజాలు చూస్తే తెలుస్తుంది మనిషి ఏం తెస్తున్నాడో. బుచ్చమ్మ కూడా నా భుజాలు చూసి నా రోజు ఎట్లా గడిచిందో తెలుసుకునేదేమో. గోడ పట్టుకుని లేచాను. చెంబు ముంచాను. కమాను కింద నిలబడ్డాను.

వేణు వచ్చి స్కూటరు ఆపాడు. "ఉంచుతున్నరు పెద్దనాయినా! సుష్మక్క బుచ్చమ్మ పెద్దమ్మ సంగతి జెప్తె ఎవ్వలు వద్దనలే. కంత గూడ ఉంచుతరంట. సోమేశ్వరరావు సారే చెయ్యెత్తిండు ముందుగాల." అంటూ నా చేతిలో చెంబు చూసి ఆగిపోయాడు. "నీళ్లు వట్టుకొని నిలవడ్డవేంది? నేనొస్తున్నట్టు నీకెట్ల ఎరుకైంది?"

"నీ బండి చప్పుడు ఇనబడ్డది" అన్నాను.

వేణు తన స్కూటరు వంక చూశాడు, నా వంక చూశాడు. "గిది కరెంటు బండి పెద్దనాయినా. దీనికి చప్పుడేడిది?" చెంబు అందుకుని నీళ్లు తాగి, జర పరేషాన్ అయి నా మొహంలోకి చూశాడు. "రేపు దవాఖానకు పోదాం. జర చెవులు సూపిద్దాం."

నాకు నవ్వు మొదలైంది. ఆపుకుందామంటే ఆగలేదు. కండువాతో కళ్లు తుడుచుకుంటూ కమానుకు ఆనుకుని నవ్వుతూనే ఉన్నాను.

"ఏంది పెద్దనాయినా ఆ నవ్వు?" అన్నాడు వేణు.

"ఏం లేదు" అన్నాను.